జీతం పెరిగితే ఇంటి ఖర్చు నిజంగా పెరుగుతుందా? ఆ డబ్బు ఎటు పోతుంది?

వేసవిగాలి:
అందరికీ నమస్తే. చాలా రోజుల్నుంచి బుర్రలో తిరుగుతున్న ప్రశ్న, ఇక్కడ లెక్కలు తెలిసినవాళ్ళు ఉన్నారు కదా అని పెడుతున్నా. ఈ ఏడాది మా ఆఫీసులో అందరికీ 8 శాతం ఇంక్రిమెంట్ ఇచ్చారు, వినడానికి బానే ఉంది కానీ ఖర్చుల పద్దు ముందేసుకుని కూర్చుంటే పోయినేడాదికీ ఇప్పటికీ పెద్ద తేడా కనపడట్లేదు. ఇంకోపక్క ఏ పేపర్ తీసినా జీతాలు పెరుగుతున్నాయి కాబట్టి వినియోగం పుంజుకుంటుంది అని ఒక వార్త, జీతాలు పెరుగుతున్నాయి కాబట్టి ధరలు పెరిగే ప్రమాదం ఉంది అని పక్కనే ఇంకో వార్త. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? మా కొలీగ్ ఏమంటాడంటే అందరికీ జీతాలు పెరిగితే అందరూ ఖర్చు పెడతారు, ధరలు పెరుగుతాయి, మళ్ళీ ఎక్కడున్నామో అక్కడికే వస్తాం, కాబట్టి జీతాల పెంపు వల్ల దేశానికి ఒరిగేదేమీ లేదు అని. నాకు ఇది ఒప్పుకోబుద్ధి కావట్లేదు, అలాగని ఎక్కడ తేడా కొడుతోందో చెప్పలేకపోతున్నా.

పద్దుపుస్తకం:
వేసవిగాలి గారు, ముందు మీ 8 శాతం సంగతి చూద్దాం, అది తేలితే మిగతాది సులువు. మొత్తం జీతం 100 అనుకోండి. పన్ను, పింఛను కోతలు పోను చేతికి 85 వస్తోంది. అందులో లోన్ వాయిదా 20, అద్దె ఫీజులు కలిపి 30, మిగతా రోజువారీ ఖర్చు 35. ఇప్పుడు 8 పెరిగింది. పెరిగిన ముక్క మీద కోత ఎప్పుడూ కాస్త ఎక్కువే పడుతుంది, ఎందుకంటే అది పై స్లాబులో పడుతుంది, నాలుగో వంతు పోయిందనుకుంటే చేతికి వచ్చేది 6. అద్దె ఫీజులు 8 శాతం పెరిగాయనుకోండి, అక్కడ 2.4 పోయింది. రోజువారీ ఖర్చుల ధరలు 5 శాతం పెరిగితే ఇంకో 1.75 పోయింది. మిగిలింది 1.85. అంటే పేపరు మీద 8 పెరిగితే మీ బతుకులో పెరిగింది రెండు కూడా కాదు, మీకు తేడా కనపడకపోవడంలో వింతేమీ లేదు.

దీన్నే నిజ వేతనం అంటారు, ధరల పెరుగుదల తీసేశాక మిగిలేది. అమెరికాలో 2022 జూన్‌లో ఇదే జరిగింది, సగటు గంట వేతనం ఏడాదిలో 5 శాతం పైన పెరిగింది, ధరలేమో 9.1 శాతం పెరిగాయి. జీతం పెరిగి కూడా జనం బీదవాళ్ళయ్యారు. ఒక్క మాట మాత్రం, పై లెక్కలో లోన్ వాయిదా 20 కదల్లేదు చూడండి. వడ్డీ మారని లోన్ ఉన్నవాళ్ళకి జీతం పెరిగేకొద్దీ ఆ వాయిదా బరువు తగ్గుతూ వస్తుంది, ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు.

నీలిచుక్క:
పద్దుపుస్తకం గారు చెప్పింది ఒక ఇంటి లెక్క. దేశం లెక్కకి వస్తే అసలు ప్రశ్న ఎంత పెరిగింది అని కాదు, *ఎవరికి* పెరిగింది అని. ఆర్థికవేత్త కీన్స్ 1936లో రాసిన పుస్తకంలో దీని గురించే వివరంగా చెప్పాడు, అదనంగా వచ్చిన ఆదాయంలో ఎంత భాగం ఖర్చవుతుంది అన్నదే మిగతా అంతటికీ మూలం. నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలని ఇంట్లో అదనంగా వంద వస్తే తొంభై దాకా బజారుకే పోతుంది. అన్నీ అమరిన ఇంట్లో అదే వంద వస్తే ముప్పయ్యో నలభయ్యో ఖర్చయి మిగతాది ఫండ్లలోకో స్థలాల మీదకో పోతుంది.

ఇప్పుడు గొలుసు చూడండి. మొదట ఖర్చయిన 100 ఎవరో దుకాణదారుకి ఆదాయం, అతను అందులో 80 ఖర్చు పెడితే అది ఇంకొకరికి ఆదాయం, వాళ్ళు 64 పెడతారు, ఇలా పోయి పోయి మొత్తం 500 అవుతుంది. ప్రతివాళ్ళూ సగమే ఖర్చు పెడితే 200 దగ్గరే ఆగిపోతుంది. నిజ జీవితంలో మధ్యలో పన్నులున్నాయి, దిగుమతులున్నాయి, కాబట్టి 500 అనేది పుస్తకాల్లోనే కానీ, దిశ మాత్రం అదే. చాలా దేశాల్లో జీడీపీలో సగానికి పైగా ఇళ్ళ ఖర్చే, అమెరికాలో అయితే మూడింట రెండొంతులు. కాబట్టి కింది మెట్టు జీతాలు పెరిగినప్పుడు వచ్చే ఊపు, పై మెట్టు జీతాలు పెరిగితే రాదు.

మీ కొలీగ్ వాదనలో లోపం ఇక్కడే ఉంది. ఖర్చు పెరిగితే ధర పెరిగి తీరుతుంది అనుకోవడానికి సరుకు పెంచలేని పరిస్థితి ఉండాలి. సగం మెషీన్లు ఖాళీగా ఉన్న ఫ్యాక్టరీ ఆర్డర్లు పెరిగితే ముందు మెషీన్లు తిప్పుతుంది, తర్వాత కదా ధర మార్చేది.

మొండిఘటం22:
నీలిచుక్క అన్నా, నేను కొంచెం అడ్డం పడ్త ఏమనుకోకు. జీతం పెరగంగనే అందరు ఖర్చు పెడ్తరు అన్నట్టు రాసినవు గని అది ఇంక్రిమెంటా బోనసా అన్నది చూడాలె కదా. ఫ్రీడ్మన్ అనే ఆర్థికవేత్త 1957ల చెప్పింది గదే, మనిషి ఈ నెల చేతికొచ్చినదాన్ని చూసి కాదు, ముందుముందు కూడా ఇంత వస్తది అన్న నమ్మకాన్ని చూసి ఖర్చు పెడ్తడు. ఒక్కసారి వచ్చి పొయ్యే బోనస్ అయితే అప్పు తీర్చుడో దాచుడో ఎక్కువ జరుగుతది. నెలనెలా వచ్చే పెంపు అయితే ఇల్లు మారుడు, పిల్లల్ని ఇంకో స్కూల్ల వేసుడు అసొంటి పెద్ద నిర్ణయాలు జరుగుతయ్. కంపెనీలేమో ఈ మధ్య ఫిక్స్‌డ్ జీతం తక్కువ పెంచి వేరియబుల్ పే (అంటే ఎంతొస్తదో పక్కా చెప్పలేనిది) ఎక్కువ చూపిస్తున్నయ్, కాగితం మీద మొత్తం ఒక్కటే గని ఇంట్ల దాని ప్రభావం ఒక్కటి కాదు.

ఇంకొకటి, నౌకరి ఉంటదో పోతదో అన్న భయం ఉంటె జీతం ఎంత పెరిగినా పైసలు బయటికి రావు. 2020 ఏప్రిల్‌ల అమెరికాల పొదుపు రేటు 30 శాతం దాటింది. సర్కారు డబ్బులు ఖాతాల వేసింది, ఖర్చు పెట్టెతందుకు దుకాణాలు తెరిచి లేవు, రేపు ఏమైతదో తెల్వది. పైసలు ఉంటెనే ఖర్చు అయితది అనుకోవద్దు.

నీలిచుక్క:
@మొండిఘటం22 నువ్వు చెప్పింది మధ్యతరగతికి బాగా సరిపోతుంది తమ్ముడూ. కానీ ఫ్రీడ్మన్ లెక్క ప్రకారం మనిషి ఇవాళ అప్పు తెచ్చుకుని రేపటి ఆదాయంతో సర్దుకోగలగాలి. బ్యాంకు గడప తొక్కలేని వాళ్ళకి ఆ వెసులుబాటు ఎక్కడిది? వాళ్ళకి వచ్చినప్పుడే ఖర్చు, రాకపోతే లేదు. అందుకే చిన్న ఆదాయాల దగ్గర బోనస్ అయినా సరే వెంటనే బజారుకి వస్తుంది.

సుమతి_కె:
మీరంతా సిద్ధాంతాలు చెప్తున్నారు, నేను దగ్గరగా చూసింది చెప్తాను. మా చెల్లీ మరిదీ ఇద్దరూ ఒక కుట్టుపని యూనిట్‌లో చేస్తారు. ఆ మధ్య కూలీ రేట్లు గట్టిగానే పెంచారు. మొదటి కొన్ని నెలలు వాళ్ళింట్లో కొత్త వస్తువు ఒక్కటి రాలేదండీ, నేనే అడిగాను ఏమయిందే డబ్బు అని. చేబదుళ్ళు తీర్చారు, పక్కింటివాళ్ళకి, సూపర్‌వైజర్‌కి, అక్కడా ఇక్కడా ఉన్నవి. ఆ తర్వాత పెద్దపాపకి కళ్ళజోడు మార్చారు, నంబరు మారి చాలా కాలమయినా పాతదే పెట్టుకుని తిరుగుతోంది పాపం, బోర్డు కనపడక ముందు బెంచీలో కూర్చునేది. ఆ తర్వాత మరిది పంటి నొప్పికి డాక్టరు దగ్గరకి వెళ్ళాడు, అన్నాళ్ళూ మాత్ర వేసుకుని గడిపేశాడు.

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం వేసింది ఏంటంటే, ఇంతకుముందు సబ్బు, షాంపూ, నూనె అన్నీ చిన్న ప్యాకెట్లే ఎప్పటికప్పుడు కొనేవాళ్ళు, చేతిలో ఉన్నంతకే కదా. ఇప్పుడు నెల మొదట్లో పెద్ద ప్యాకులు ఒకేసారి తెచ్చుకుంటున్నారు, దాంతో అదే సరుకు తక్కువకి వస్తోంది. అంటే పెరిగిన జీతం కన్నా ఎక్కువే లాభపడ్డారు. డబ్బు లేకపోవడమే ఒక ఖర్చు అని నాకు అప్పుడు అర్థమయింది. వడ్డీ కట్టడం ఆగిపోయాక ఆ మిగులు కూడా కలిసొచ్చింది. ఇదంతా ఏ గణాంకంలో కనపడుతుందో నాకు తెలీదు కానీ ఇంట్లో మాత్రం బాగా కనపడింది.

పద్దుపుస్తకం:
సుమతి గారు, మీ పోస్టు రెండుసార్లు చదివాను. అందుకే జీతాలు పెరిగిన వెంటనే అమ్మకాలు ఎగబాకకపోతే పెంపు పనిచేయలేదు అని తేల్చేయకూడదు, మొదటి విడత అప్పులకే పోతుంది. తిండి ఖర్చు సంగతి కూడా ఇలాంటిదే, ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే ఇళ్ళ ఖర్చుల పద్దులు చూసి చెప్పాడు, ఆదాయం పెరిగేకొద్దీ తిండికయ్యే ఖర్చు పెరుగుతుంది కానీ మొత్తంలో దాని వాటా తగ్గుతుంది అని. ఆ తగ్గిన వాటాలోంచే చదువు, వైద్యం, ప్రయాణం, ఫోను బిల్లు అన్నీ పుడతాయి. దేశంలో ఏ రంగాలు పెరుగుతాయి అన్నది కూడా దాన్నిబట్టే ఉంటుంది.

లేత్‌మెషిన్:
జీతాలు ఇచ్చేవైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కదా అని రాస్తున్నా. నాది విడిభాగాలు చేసే చిన్న యూనిట్. జీతాలు 10 శాతం పెంచితే నా ఖర్చు 10 శాతం పెరగదు, నా మొత్తం ఖర్చులో జీతాలు మూడో వంతు, అంటే పెరిగేది 3.3 శాతం. ఇది చాలామంది ఓనర్లే సరిగ్గా వేసుకోరు. సరే ఆ 3.3 ఎక్కడినుంచి తేవాలి? ధర పెంచితే పెద్ద కంపెనీ కొనుగోలుదారు ఇంకొకరి దగ్గరకి పోతాడు. లాభంలోంచి ఇస్తే ఈ ఏడాది కొనాలనుకున్న మెషీన్ వాయిదా పడుతుంది. మూడోది, అదే మనుషులతో ఎక్కువ పీసులు తీయడం.

మూడోది వినడానికి కంపెనీల కబుర్లలా ఉంటుంది కానీ నా దగ్గర నిజంగా జరిగింది. జీతం తక్కువ ఉన్నప్పుడు ఆపరేటర్లు పని నేర్చుకోగానే వెళ్ళిపోయేవాళ్ళు. కొత్తవాడికి సెట్టింగ్ చేయడం వచ్చేలోపు ఎంత మెటీరియల్ స్క్రాప్ అయ్యేదో, ఆ నష్టం జీతాల పద్దులో కనపడదు, మెటీరియల్ పద్దులో కలిసిపోతుంది. జీతం పెంచాక మనుషులు నిలబడ్డారు, స్క్రాప్ తగ్గింది. పూర్తిగా పూడిందని అనను, కానీ సగం పైనే పూడింది. అయితే నాకన్నా చిన్నవాళ్ళు, కొనుగోలుదారు ఒక్కడే ఉన్నవాళ్ళు దీన్ని తట్టుకోలేరు, వాళ్ళ కష్టం నాకు తెలుసు.

పాతకాగితాలు:
లేత్‌మెషిన్ గారు చెప్పింది హెన్రీ ఫోర్డ్ కథే. 1914 జనవరిలో రోజుకి 5 డాలర్లు ప్రకటించాడు, అప్పటిదాకా ఉన్నదానికి రెట్టింపు పైన, పైగా పని గంటలు 9 నుంచి 8కి తగ్గించాడు. తన కార్లు తన పనివాళ్ళే కొనాలని పెంచాడు అని అందరూ చెప్పుకుంటారు కానీ లెక్కేస్తే అది నిలబడదు. పనివాళ్ళు పద్నాలుగు వేల మంది, ఏడాదికి తయారయ్యే కార్లు రెండు లక్షలు పైనే. అందరూ తలా ఒకటి కొన్నా మూలకి రాదు. అసలు సంగతి, 1913లో ఆయన ఫ్యాక్టరీలో పద్నాలుగు వేల ఉద్యోగాలు నిండుగా ఉంచడానికి ఏడాదిలో యాభై వేల పైచిలుకు మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. చేరినవాడు చేరినట్టే పారిపోయేవాడు. జీతం పెంచాక అది ఆగింది, ఆ తర్వాతి ఏళ్ళలో కారు ధర తగ్గుతూ పోయింది.

ఆ 5 డాలర్లు అందరికీ ఊరికే ఇవ్వలేదు, కొంత భాగం లాభాల్లో వాటా పేరుతో, ఇంట్లో ఎలా బతుకుతున్నారో కంపెనీ మనుషులు వచ్చి చూసి ఒప్పుకుంటేనే ఇచ్చేవారు. ఆ భాగం నాకు అస్సలు నచ్చదు, అదీ చెప్పుకోవాలి.

మొండిఘటం22:
మరి కనీస వేతనం పెంచితే నౌకర్లు పోతయ్ అని అంటరు గదా, దాని సంగతేంది?

పాతకాగితాలు:
పోతాయనే చాలాకాలం నమ్మారు. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది, పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు ఇద్దరూ రెండు వైపులా 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలు పరిశీలించి 1994లో ఫలితాలు పెట్టారు, న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన ఆనవాలు కనపడలేదు. తర్వాత న్యూమార్క్, వాషర్ అనే ఇద్దరు జీతాల రికార్డులు తీసి కాదు తగ్గాయి అన్నారు, ఆ గొడవ ఏళ్ళతరబడి నడిచింది. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఇంతా చూశాక నాకనిపించేది, పెంపు ఓ మోస్తరుగా ఉంటే ఉద్యోగాలు పెద్దగా పోవు, సగటు జీతానికి దగ్గరగా తోసేస్తే మాత్రం చిన్న యూనిట్లు మూతపడే ప్రమాదం ఉంది.

వేసవిగాలి:
చాలా విషయాలు తెలుస్తున్నాయి, అందరికీ థాంక్స్. కానీ ధరల సంగతి ఇంకా తేలలేదు. జీతాలు పెరిగితే ధరలు, ధరలు పెరిగితే మళ్ళీ జీతాలు, ఈ చక్రం నిజంగా ఉందా లేదా?

రేపటిలెక్క:
ఉంది, కానీ ప్రతిసారీ తిరగదు. దీనికి ఒక సులువైన కొలత ఉంది. మనిషి గంటకి చేసే ఉత్పత్తి ఏడాదికి 2 శాతం పెరుగుతోంది, సెంట్రల్ బ్యాంకు ఒప్పుకునే ధరల పెరుగుదల 2 శాతం అనుకోండి (అమెరికా, యూరో దేశాలు, బ్రిటన్, జపాన్ నాలుగింటి లక్ష్యం ఇదే). అప్పుడు జీతాలు 4 శాతం పెరిగినా ఏ ప్రమాదం లేదు, ఒక్కో వస్తువు మీద పడే జీతం ఖర్చు 2 శాతమే పెరుగుతుంది. జీతాలు 9 పెరిగి ఉత్పత్తి 2 పెరిగితే ఆ 7 ఎక్కడో తేలాలి, ధరలోనో లాభంలోనో. అందుకే జీతాల పెంపు ఎంత అని ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు.

చక్రం గట్టిగా తిరిగిన చోటు ఇటలీ. అక్కడ ధరలు పెరిగితే జీతాలు వాటంతటవే పెరిగే ఏర్పాటు ఉండేది, స్కాలా మొబిలే అనేవారు. 1975లో దాన్ని ఇంకా బిగించారు, చమురు ధరలు కూడా తోడై 1980లో ధరల పెరుగుదల 20 శాతం దాటింది. జీతం వెంటనే పెరుగుతుంది కదా అని ఓనర్లు ముందే ధర పెంచేవాళ్ళు. చివరికి 1992లో ఎత్తేశారు. అమెరికాలో అదే కాలంలో అక్కడి సెంట్రల్ బ్యాంకు అధిపతి వోల్కర్ వడ్డీ రేటుని 20 శాతం దరిదాపులకి తీసుకెళ్ళి ధరలని అణిచాడు, 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. చక్రాన్ని ఆపడానికి అయిన ఖర్చు ఆ ఉద్యోగాలు పోయినవాళ్ళ నెత్తినే పడింది, ఇది ఎప్పుడు చదివినా బాధేస్తుంది.

సుమతి_కె:
అంటే జీతాలు పెరగకుండా ఉంటే అందరూ బాగుంటారనా?

రేపటిలెక్క:
కాదు మేడమ్, దానికి జపాన్‌ని చూడండి. 1990ల మధ్య నుంచి పాతికేళ్ళు అక్కడ జీతాలు దాదాపు కదల్లేదు. జీతం పెరగదు అని జనానికి నమ్మకం కుదిరిపోయింది, కాబట్టి ధర కాస్త పెరిగినా కొనడం మానేసేవాళ్ళు, కాబట్టి కంపెనీలు ధర పెంచలేవు, ధర పెంచలేవు కాబట్టి జీతాలు పెంచవు. ఇదీ చక్రమే, కిందికి తిరిగేది. 2024 వసంతకాలంలో యూనియన్లతో జరిగిన చర్చల్లో సగటున 5 శాతం పైన పెంపు వచ్చింది, 33 ఏళ్ళలో అదే పెద్దది. అది చూశాకే మార్చిలో బ్యాంక్ ఆఫ్ జపాన్ మైనస్ వడ్డీ రేటు (బ్యాంకులు తన దగ్గర ఉంచే కొంత డబ్బు మీద ఎదురు వడ్డీ తీసుకోవడం) తీసేసి 17 ఏళ్ళ తర్వాత మొదటిసారి రేటు పెంచింది. ఒక దేశపు సెంట్రల్ బ్యాంకు జీతాలు పెరగాలని అన్నేళ్ళు ఎదురుచూసింది అంటే జీతాల విలువ ఏంటో అర్థం చేసుకోవచ్చు. అయినా అప్పటికి రెండేళ్ళుగా అక్కడ నిజ వేతనాలు తగ్గుతూనే ఉన్నాయి, అందుకే ఇళ్ళ ఖర్చు వెంటనే లేవలేదు, పద్దుపుస్తకం గారు మొదట చెప్పిన లెక్కే.

మొండిఘటం22:
అద్దె గురించి ఎవ్వరు మాట్లాడుతలేరు. ఒక ఏరియాల జీతాలు పెరిగినయ్ అనుకో, ఇండ్లు అన్నే ఉన్నయ్, మనుషులు పెరిగిన్రు. పెరిగిన జీతం పోటీపడి అద్దెల పడ్తది. పనిచేసినోడు ఒకడు, పైసలు పోయేది ఇంటి ఓనర్‌కు. సరుకు ఎక్కువ తయారు చేయొచ్చు గని భూమి తయారు చేయలేం గదా. ఇండ్లు కట్టకుంట జీతాలు మాత్రమే పెంచుకుంట పోతే కొలీగ్ చెప్పింది అక్కడ నిజమైతది.

నీలిచుక్క:
ఇది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. సరఫరా పెరగని చోట జీతం పెంపు ధరలోకి ఇంకిపోతుంది, సరఫరా పెరిగే చోట ఉత్పత్తిలోకి పోతుంది. వేసవిగాలి గారూ, మీరు అడిగిన రెండు వార్తలూ ఒకేసారి నిజమయ్యేది ఇందుకే.

ఇంకో జాగ్రత్త, సగటు జీతం పెరిగింది అన్న వార్తని చూసి సంబరపడొద్దు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో సగటు గంట వేతనం ఒక్కసారిగా ఎగిరింది, ఎవరికీ జీతం పెరిగి కాదు, తక్కువ జీతాలవాళ్ళు లక్షల్లో ఉద్యోగాలు పోగొట్టుకుని లెక్కలోంచే బయటకి పోయారు, మిగిలినవాళ్ళ సగటు పెరిగింది.

వేసవిగాలి:
అయితే రేపు మళ్ళీ వాదన వస్తే దేన్ని చూడమని చెప్పాలి? పేపర్లో వచ్చే ఒక్క అంకె చాలదని అర్థమయింది.

పద్దుపుస్తకం:
జీతాల పెరుగుదల పక్కన ధరల పెరుగుదల, ఉత్పత్తి పెరుగుదల పెట్టి చూడమనండి. సగటు కన్నా మధ్యలో నిలబడ్డ మనిషి జీతం ఎంత పెరిగింది, అట్టడుగు మెట్టులో ఎంత పెరిగింది అని చూడమనండి. 2021 నుంచి రెండేళ్ళు అమెరికాలో అన్నిటికన్నా వేగంగా పెరిగింది కింది మెట్టు జీతాలే, అక్కడ మనుషులు దొరక్క ఓనర్లు పోటీపడ్డారు. ఇళ్ళ అప్పులు తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అన్నది కూడా. సుమతి గారి చెల్లెలి ఇంట్లోలాగా అప్పు తీరుతుంటే ఖర్చు తర్వాత వస్తుంది. అప్పుతోనే ఖర్చు పెరుగుతుంటే అది జీతాల బలం కాదు, ఎంతోకాలం నిలవదు.

లేత్‌మెషిన్:
ఒక్కటి కలుపుతా. జీతాలు ఏడాదికోసారి మారతాయి, సరుకు ధరలు వారానికోసారి మారతాయి. మెటీరియల్ రేటు పెరిగితే నేను కొటేషన్ వెంటనే మారుస్తా, మా ఆపరేటర్ జీతం మాత్రం వచ్చే అప్రైజల్ దాకా అంతే. కాబట్టి ధరలు పెరిగిన ఏడాది తర్వాత జీతాలు పెరుగుతుంటే చూసి, జీతాల వల్లే ధరలు పెరుగుతున్నాయి అని పనివాళ్ళ మీదకి నెట్టేయకండి. వాళ్ళు అప్పటికే ఏడాది పాటు జేబులోంచి కట్టారు, ఇప్పుడు అడుగుతున్నది ఆ బాకీ.